యుద్ధవిమానాలకు చరిత్రకు తగ్గ స్కిన్ వేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్లైట్ సిమ్యులేటర్‌లో కొత్తగా స్కిన్లు (గేమ్‌లో విమానం ఒంటి మీద కనిపించే రంగులు, గుర్తుల బొమ్మ) వేయడం మొదలుపెట్టినవాళ్ళు నన్ను అడిగే సందేహాలు దాదాపు ఒకటే. ప్రతి ఒక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాశాను. ఉదాహరణలు ఎక్కువగా రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాయుసేన ఆర్‌ఏఎఫ్ నడిపిన స్పిట్‌ఫైర్, హరికేన్‌ల నుంచి తీసుకున్నాను. నేను ఎక్కువగా పని చేసింది వాటి మీదే, అందులోనూ 152 హైదరాబాద్ స్క్వాడ్రన్ మీద. ఏ ప్రశ్న దగ్గర నుంచైనా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

నాకు బొమ్మలు వేయడం రాదు. స్కిన్ చేయగలనా?

చేయగలరు. ఇది చిత్రకారుడి పని కన్నా దర్జీ పనికి దగ్గరగా ఉంటుంది. గేమ్ వాళ్ళు ఇచ్చే టెంప్లేట్ అంటే విమానం ఒంటి మీది చొక్కా విప్పి, కుట్లు ఊడదీసి, ముక్కలు నేల మీద పరిచినట్టు ఉంటుంది. రెక్క పైభాగం ఒకచోట, కింది భాగం ఇంకోచోట, తోక మరోచోట. మీరు చేయాల్సింది కొలత తీసుకోవడం, రంగు నింపడం, ముక్కలు కలిసే చోట గీతలు కలిసేలా చూసుకోవడం. ఓపిక, కొలత మీద పట్టుదల ఉంటే చాలు. చేయి తిరిగిన ఆర్టిస్టులు కొలత వదిలేసి అందం కోసం వెళ్ళి తప్పులు చేయడం నేను చూశాను.

ఏ విమానంతో మొదలుపెట్టాలి?

"స్పిట్‌ఫైర్ వేస్తాను" అని మొదలుపెట్టకండి. "ఫలానా స్క్వాడ్రన్‌లో, ఫలానా నంబరున్న స్పిట్‌ఫైర్‌ని, ఫలానా నెలలో ఉన్నట్టు వేస్తాను" అని మొదలుపెట్టండి. యుద్ధకాలంలో రంగుల మీద, గుర్తుల మీద ఆదేశాలు నెలల వ్యవధిలో మారిపోయాయి. అదే విమానం జూన్‌లో ఒకలా, డిసెంబర్‌లో ఇంకోలా ఉండేది. తేదీ ఖాయం చేసుకుంటే సగం ప్రశ్నలు వాటంతట అవే తేలిపోతాయి. ఫోల్డర్ పేరులోనే ఆ తేదీ రాసుకోండి.

నా మొదటి స్కిన్ 1940 ఆగస్టు నాటి స్పిట్‌ఫైర్. తోక ముందు లేత ఆకుపచ్చ పట్టీ వేశాను. చాలా బాగా కుదిరిందనుకున్నాను. ఆ పట్టీ వచ్చింది నవంబర్ చివర అని ఒక పెద్దాయన చెప్పాక మొత్తం మళ్ళీ చేశాను. అప్పటి నుంచి తేదీ లేకుండా ఏ పనీ మొదలుపెట్టలేదు.

హైదరాబాద్ స్క్వాడ్రన్ అంటే మన హైదరాబాదేనా?

మన హైదరాబాదే. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో 1918లో 110 స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ విమానాలు వచ్చాయి. వాటి మీద నిజాం కానుక అని రాసి ఉండేది. వాటిలో ఒకటి ఇప్పటికీ లండన్ హెండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152 స్క్వాడ్రన్‌కు, హరికేన్లు నడిపిన 253 స్క్వాడ్రన్‌కు కూడా హైదరాబాద్ పేరు చేరింది. 152 స్క్వాడ్రన్ బ్యాడ్జి మీద నిజాం తలపాగా ఉంటుంది.

అలాగే 234, 264 స్క్వాడ్రన్లకు మద్రాసు ప్రెసిడెన్సీ పేరు ఉంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. పేరు విరాళానికి గుర్తుగా పెట్టింది, నడిపింది ఎక్కువగా బ్రిటిష్ పైలట్లే. అయినా ఇంగ్లండ్ ఆకాశంలో ఎగిరిన విమానాల చరిత్రలో మన ఊరి పేరు కనిపిస్తే ఆ స్కిన్ మీద ఇంకో నాలుగు రోజులు కూర్చోబుద్ధవుతుంది.

ఏ గేమ్‌లో చేయాలి?

మీరు ఎంచుకున్న విమానం మోడల్ ఏ గేమ్‌లో ఉందో అందులో. 1940 నాటి స్పిట్‌ఫైర్ మార్క్ 1, హరికేన్ మార్క్ 1 (మార్క్ అంటే ఆ విమానం వెర్షన్) కావాలంటే ఐఎల్-2 క్లిఫ్స్ ఆఫ్ డోవర్. 1944 నాటి స్పిట్‌ఫైర్ మార్క్ 9 కావాలంటే డీసీఎస్ బాగుంటుంది. తూర్పు, పడమర యూరప్ రంగాల విమానాలకు ఐఎల్-2 గ్రేట్ బ్యాటిల్స్. మోడల్ తప్పయితే ఎంత మంచి రంగు వేసినా లాభం లేదు. మార్క్ 9 మీద 1940 నాటి రంగులు వేస్తే ముక్కు పొడవు, ప్రొపెల్లర్ బ్లేడ్ల సంఖ్య దగ్గరే దొరికిపోతారు. మార్క్ 1కు మూడు బ్లేడ్లు, మార్క్ 9కి నాలుగు.

ఫోటోషాప్ కొనాలా?

అక్కర్లేదు. ఉచితంగా దొరికే గింప్, క్రిటా సరిపోతాయి. గింప్ 2.10 నుంచి డీడీఎస్ ఫైళ్ళను (గేమ్‌లు స్కిన్లకు వాడే బొమ్మ ఫైళ్ళు) నేరుగా తెరవగలదు, సేవ్ చేయగలదు. అక్షరాలు, రౌండెల్స్ (దేశం గుర్తుగా విమానం మీద వేసే గుండ్రటి వలయాలు) లాంటి పదునైన అంచులున్నవి ఇంక్‌స్కేప్‌లో గీసి తెచ్చుకుంటే ఎంత పెంచినా చెదరవు. 4096 పిక్సెల్స్ టెంప్లేట్‌లో ముప్పై లేయర్లు తెరిస్తే కంప్యూటర్ మెమరీ బాగా తింటుంది. మొదట 2048 సైజులో ప్రాక్టీస్ చేయండి.

## ఆధారాలు వెతికేటప్పుడు

అసలు ఫోటోలు, రికార్డులు ఎక్కడ దొరుకుతాయి?

బ్రిటిష్ విమానాలకు లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియం ఫోటోల సేకరణ ఆన్‌లైన్‌లో చూడొచ్చు. స్క్వాడ్రన్ రోజువారీ రికార్డు పుస్తకాలు లండన్‌లోని క్యూ అనే ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 అనే వరసలో ఉన్నాయి. ఏ రోజు ఏ పైలట్ ఏ సీరియల్ నంబరు విమానంలో ఎగిరాడో చాలా వరకు అందులో రాసి ఉంటుంది. ఒక విమానం ఏ తేదీకి ఆ స్క్వాడ్రన్‌లో ఉందో ఖాయం చేయడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. భారత వాయుసేన విషయాలకు భారత్ రక్షక్ వెబ్‌సైట్ మంచిది. ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్ సేకరణ కూడా వదలకండి.

ఫోటో దొరకగానే దాని కింద రాసిన వివరాన్ని గుడ్డిగా నమ్మకండి. తేదీలు, స్థలాలు తప్పుగా పడినవి ఉంటాయి. ఫోటోలో కనిపించే గుర్తులు ఆ తేదీకి సరిపోతున్నాయా అని మీరే చూసుకోవాలి.

నెట్‌లో దొరికిన రంగుల బొమ్మ చూసి వేసేస్తే సరిపోదా?

సరిపోదు. పక్క నుంచి గీసిన ఆ రంగుల బొమ్మలు చాలా అందంగా ఉంటాయి, కానీ అవి ఇంకొకరి అభిప్రాయం. ఒకరు గీసినదాన్ని చూసి ఇంకొకరు, దాన్ని చూసి మోడల్ కిట్ పెట్టె మీద మరొకరు గీస్తారు. మొదటివాళ్ళు చేసిన తప్పు పది చోట్ల కనిపించేసరికి అదే నిజం అనిపిస్తుంది. ఆ బొమ్మ ఏ ఫోటో ఆధారంగా గీశారో వెతకండి. ఫోటో దొరికితే దాన్నే చూసి వేయండి. దొరకకపోతే ఆ విమానాన్ని పక్కన పెట్టి ఫోటో ఉన్నదాన్ని ఎంచుకోండి. ఫోటోలున్న విమానాలే చాలా ఉన్నాయి.

ఇప్పటికీ ఎగురుతున్న స్పిట్‌ఫైర్లు ఉన్నాయి కదా, వాటిని చూసి వేస్తే తప్పేంటి?

రివెట్లు, ప్యానెళ్ళు, తలుపులు ఎక్కడున్నాయో చూడటానికి అవి బంగారం. రంగులకు మాత్రం కాదు. వాటికి వాడే పెయింట్ ఇప్పటిది, ఎక్కువ మెరుస్తుంది. పైగా కొన్నేళ్ళకోసారి వేరే స్క్వాడ్రన్ రంగులు వేస్తుంటారు. పాత యుద్ధవిమానాలను ఎగిరే స్థితిలో ఉంచే ఆర్‌ఏఎఫ్ విభాగం బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ మెమోరియల్ ఫ్లైట్‌లోని పీ7350 అనే స్పిట్‌ఫైర్ 1940లో నిజంగా యుద్ధం చేసిన విమానం. అదీ ఎన్నోసార్లు వేషం మార్చింది.

నలుపు తెలుపు ఫోటోలో రంగు ఎలా కనిపెట్టాలి?

ముందు ఫిల్మ్ ఏదో కనిపెట్టాలి. అప్పట్లో రెండు రకాలు వాడేవారు. ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్‌కు ఎరుపు కనబడదు. కాబట్టి అందులో ఎరుపు దాదాపు నల్లగా, పసుపు ముదురుగా, నీలం లేతగా పడతాయి. పాంక్రొమాటిక్ ఫిల్మ్ అన్ని రంగులనూ చూస్తుంది. అందులో పసుపు లేతగా, నీలం ముదురుగా ఉంటాయి.

దీనికి రౌండెలే కొలబద్ద. దాని రంగులు మనకు ముందే తెలుసు కదా. 1940 మే తర్వాత స్పిట్‌ఫైర్ పక్కన ఉండే రౌండెల్‌కు బయట పసుపు వలయం ఉంటుంది. ఫోటోలో ఆ వలయం ముదురుగా ఉండి, నీలం దానికన్నా లేతగా ఉంటే అది ఆర్థోక్రొమాటిక్. "ఈ విమానానికి పసుపు వలయం లేదు, ఏదో నల్ల అంచు ఉంది" అని వాదించేవాళ్ళు తరచుగా ఈ ఫిల్మ్ దగ్గరే పొరబడుతుంటారు. ఫిల్మ్ ఏదో తెలిశాక ప్రొపెల్లర్ ముక్కు, అక్షరాలు, పట్టీల టోన్‌ను రౌండెల్‌లో తెలిసిన రంగుల టోన్‌తో పోల్చుకుంటూ వెళ్ళండి.

టోన్ చూసి రంగు పేరు చెప్పేయడం మాత్రం ప్రమాదం. గోధుమ, బూడిద రంగులు ఒకే టోన్‌లో పడొచ్చు. టోన్‌తో పాటు ఆ నెలలో అమల్లో ఉన్న ఆదేశం, ఆ విమానం ఫ్యాక్టరీ నుంచి ఏ రంగులో వచ్చిందన్నది కలిపి చూడాలి. ఆ మూడూ ఒకే మాట చెబితే ధైర్యంగా వేయండి.

ఎడమ వైపు ఫోటో మాత్రమే ఉంది. కుడి వైపు ఎలా వేయాలి?

అదే స్క్వాడ్రన్‌లో, అదే నెలలో ఉన్న ఇంకో విమానం కుడి వైపు ఫోటో చూడండి. అక్షరాలు రౌండెల్‌కు ముందు ఎన్ని, వెనక ఎన్ని, వాటి ఆకారం ఎలా ఉందన్నది ఒక స్క్వాడ్రన్‌లో ఒకే పద్ధతిగా ఉండేది. పైలట్ సొంత బొమ్మ, పేరు లాంటివి మాత్రం రెండో వైపు కూడా ఉన్నాయని అనుకోకండి. తరచుగా ఎడమ వైపే ఉండేవి, ఎందుకంటే స్పిట్‌ఫైర్ కాక్‌పిట్ తలుపు ఎడమ వైపు, పైలట్ ఎక్కేది అటే. ఊహించి వేసింది ఏదో స్కిన్‌తో ఇచ్చే నోట్‌లో రాసేయండి.

## రంగుల దగ్గర

1940లో స్పిట్‌ఫైర్ కింది భాగం ఏ రంగు? ఒక్కోచోట ఒక్కోలా ఉందే?

అన్నీ నిజమే అయ్యుండొచ్చు, తేదీ బట్టి. యుద్ధం మొదలైనప్పుడు ఫైటర్ల కింద ఎడమ రెక్క నల్లగా, కుడి రెక్క తెల్లగా ఉండేవి. నేల మీదున్న సొంత సైనికులు, పరిశీలకులు తమ విమానమని గుర్తుపట్టాలని అలా వేశారు. 1940 జూన్‌లో అది పోయి కింద అంతా స్కై అనే లేత ఆకుపచ్చ రంగు వచ్చింది. స్కై పెయింట్ వెంటనే అందరికీ అందలేదు. అందువల్ల ఆ వేసవి విమానాల కింద కొంచెం నీలం వైపు, కొంచెం పచ్చ వైపు తేడాలు కనిపిస్తాయి. అప్పుడే రెక్కల కింది రౌండెల్స్ తీసేశారు, ఆగస్టులో మళ్ళీ పెట్టమన్నారు. నవంబర్ చివర ఎడమ రెక్క కింద నలుపు తిరిగి వచ్చింది. దానితో పాటే తోక ముందు 18 అంగుళాల స్కై పట్టీ, స్కై రంగు ప్రొపెల్లర్ ముక్కు వచ్చాయి. 1941 వసంతంలో నలుపు మళ్ళీ పోయింది.

ఒక్క ఏడాదిలో ఇన్ని మార్పులు. డార్సెట్‌లోని వార్మ్‌వెల్ నుంచి 152 స్క్వాడ్రన్ పోరాడుతున్న ఆగస్టు మొదటి వారానికి, చివరి వారానికి మధ్యే రెక్కల కింద రౌండెల్ ఉందా లేదా అన్నది మారిపోతుంది. ఇంకో మాట, ఆదేశం వచ్చిన రోజే అన్ని విమానాలూ మారిపోలేదు. మెకానిక్‌కు తీరిక దొరికినప్పుడే పని జరిగేది. ఆదేశం తేదీ కన్నా ఫోటోకే ఎక్కువ విలువ ఇవ్వండి.

ఆకుపచ్చ, మట్టి రంగు మచ్చలు నచ్చినట్టు వేయొచ్చా?

వేయకూడదు. ఆర్‌ఏఎఫ్ ఫ్యాక్టరీ విమానాలకు కామోఫ్లాజ్ (శత్రువు కంటికి ఆనకుండా వేసే రంగు మచ్చలు) నమూనా గీసిన డ్రాయింగ్ ప్రకారం వేసేవాళ్ళు. ఏ స్కీమ్, బీ స్కీమ్ అని రెండు ఉండేవి. ఒకటి రెండోదానికి అద్దంలో ప్రతిబింబం. సీరియల్ నంబరు సరి అయితే ఒకటి, బేసి అయితే ఒకటి అన్న పద్ధతి 1940 వరకు నడిచింది. తర్వాత ఏ స్కీమే మిగిలింది. 1940 విమానం వేస్తుంటే ఫోటోలో ఒక్క వంపును చూసి ఏ స్కీమో తేల్చుకోవచ్చు, మిగతాదంతా డ్రాయింగ్ చెబుతుంది.

1941 ఆగస్టులో మట్టి రంగు స్థానంలో ఓషన్ గ్రే, కింద స్కై స్థానంలో మీడియం సీ గ్రే వచ్చాయి. నమూనా ఆకారం మాత్రం దాదాపు అదే.

రంగు నంబరు సరిగ్గానే వేశాను. గేమ్‌లో ముదురుగా, వేరేగా ఎందుకు కనిపిస్తోంది?

బ్రిటిష్ స్టాండర్డ్ 381సీ పట్టికలో డార్క్ గ్రీన్‌కు 641, డార్క్ ఎర్త్‌కు 450, స్కైకి 210 అని నంబర్లున్నాయి. అవి రంగు పెచ్చు చేతిలో పట్టుకుని చూసేందుకు. గేమ్‌లో ఆ రంగు మీద సూర్యుడి వెలుగు, నీడ, ఆకాశం ప్రతిబింబం అన్నీ కలుస్తాయి. అందుకని స్క్రీన్ మీద పెయింట్ ప్రోగ్రామ్‌లో కనిపించిందే గేమ్‌లో రాదు. స్వచ్ఛమైన నలుపు, స్వచ్ఛమైన తెలుపు ఎప్పుడూ వాడకండి. 0 నుంచి 255 లెక్కలో నలుపు 30కి పైన, తెలుపు 240కి లోపు ఉంచండి.

నేనైతే గేమ్‌లో ఒకే విమానాశ్రయం, మధ్యాహ్నం 12 గంటలు, మబ్బు లేని ఆకాశం అని ఒక మిషన్ తయారుచేసి పెట్టుకున్నాను. ప్రతి మార్పునూ అక్కడే చూస్తాను. ఒకసారి పొద్దున, ఒకసారి సాయంత్రం చూస్తే రంగు ఎప్పటికీ తేలదు.

బర్మా రంగంలో విమానాలకు ఎరుపు ఎందుకు ఉండదు?

జపాన్ విమానాల గుర్తు ఎర్రటి సూర్యబింబం. దూరం నుంచి రౌండెల్ మధ్యలోని ఎర్ర చుక్క కనబడితే సొంతవాళ్ళే కాల్చేసే ప్రమాదం. అందుకని ఆగ్నేయాసియా కమాండ్‌లో ఎరుపు తీసేసి ముదురు నీలం, లేత నీలం మాత్రమే ఉన్న చిన్న రౌండెల్స్ వాడారు. తోక గుర్తులోనూ ఎరుపు లేదు. 1945 మొదట్లో రెక్కల మీద, తోక మీద తెల్లటి పట్టీలు కూడా చేరాయి, వెండి రంగు విమానాలకైతే నీలం పట్టీలు.

152 స్క్వాడ్రన్ 1943 చివర మన దేశానికి వచ్చి, స్పిట్‌ఫైర్ మార్క్ 8లతో బర్మా రంగంలో పోరాడింది. వాళ్ళ విమానాల పక్కన రౌండెల్ మీదుగా దూకుతున్న నల్ల చిరుత బొమ్మ ఉండేది. స్కిన్ వేసేవాడికి అంతకన్నా ఆనందం ఏముంటుంది! ఆ చిరుతను చేత్తో వేశారు కాబట్టి ఒక విమానం మీది బొమ్మను కాపీ చేసి ఇంకో విమానానికి అతికించకండి. ఫోటో మీద పెట్టి గీయండి.

## గుర్తులు, అక్షరాలు

రౌండెల్ ఎంత సైజులో పెట్టాలి? కంటికి ఆనినట్టు పెడుతున్నాను.

కంటిని నమ్మకండి, లెక్క వేయండి. విమానం మీద నిజమైన పొడవు తెలిసిన భాగం ఒకటి టెంప్లేట్‌లో వెతకండి. డ్రాయింగ్‌లో రెండు ప్యానెల్ గీతల మధ్య 50 అంగుళాలుండి, టెంప్లేట్‌లో అది 200 పిక్సెల్స్ అయితే అంగుళానికి 4 పిక్సెల్స్. అప్పుడు 1940 స్పిట్‌ఫైర్ పక్కనుండే 35 అంగుళాల రౌండెల్ 140 పిక్సెల్స్, 8 అంగుళాల సీరియల్ నంబరు 32 పిక్సెల్స్. రెక్కకు, బాడీకి ఈ లెక్క వేరుగా ఉండొచ్చు, విడివిడిగా వేసుకోండి.

వలయాల నిష్పత్తి కూడా ఉంది. పసుపు అంచున్న రౌండెల్‌లో ఎరుపు, తెలుపు, నీలం, పసుపు వ్యాసాలు 1, 3, 5, 7. రెక్కల పైన ఉండే ఎరుపు, నీలం రౌండెల్‌లో 2, 5. ఇవి సరిగ్గా పడితే స్కిన్ చూడగానే ఏదో కుదిరిందనిపిస్తుంది.

స్క్వాడ్రన్ అక్షరాలకు ఏ ఫాంట్ వాడాలి?

ఏదీ వాడకండి. 152కు యూఎం, 253కు ఎస్‌డబ్ల్యూ, 234కు ఏజెడ్ అక్షరాలు. వాటిని స్క్వాడ్రన్ మనుషులు బ్రష్‌తో వేసేవారు. ఒకరి ఎం మధ్య కోణం నడుము దాకా, ఇంకొకరిది కింది దాకా. గీత మందం, మూలల గుండ్రం అన్నీ తేడా. ఫోటో మీద పెట్టి గీసుకోండి, అరగంట పని. 1940లో ఇవి మీడియం సీ గ్రే రంగులో ఉండేవి, తెలుపు కాదు. సీరియల్ నంబరుకు మాత్రం కొలత ఉంది: 8 అంగుళాల ఎత్తు, 5 అంగుళాల వెడల్పు, ఒక అంగుళం గీత, నల్ల రంగు.

నార్మండీ (ఫ్రాన్స్ తీరం) దాడిలో పాల్గొన్న విమానాలకు నలుపు తెలుపు చారలు ఎలా వేయాలి?

ఐదు చారలు: తెలుపు, నలుపు, తెలుపు, నలుపు, తెలుపు. ఒంటి ఇంజిన్ విమానాలకు ఒక్కోటి 18 అంగుళాలు. 1944 జూన్ 6 దాడికి ఒకటి రెండు రోజుల ముందే, రహస్యం బయటపడకుండా, హడావిడిగా చేత్తో వేశారు. కాబట్టి స్కేలు పెట్టి గీసినట్టున్న అంచులు అబద్ధం. బ్రష్ గీతలు, కొంచెం వంకరలు, కొన్నిచోట్ల పాత రంగు కనిపించడం ఉండాలి. దాదాపు నెలకు పైభాగం చారలు తీసేయమన్నారు. ఆగస్టు నాటి విమానమైతే చాలా వరకు కింద మాత్రమే మిగిలి ఉంటాయి, పైన చెరిపిన చోట కొత్త పెయింట్ ముదురుగా కనబడుతుంది.

జర్మన్ విమానం తోక మీద స్వస్తిక వేయాలా?

మీ కంప్యూటర్‌లో మీ కోసం వేసుకునేది వేరు, పదిమందికి ఇచ్చేది వేరు. నాజీ చిహ్నాల ప్రదర్శన మీద జర్మనీలో చట్టపరమైన నిషేధం ఉంది. చాలా గేమ్‌లు దాన్ని వదిలేస్తాయి, స్కిన్లు పంచుకునే చోట్ల కూడా సాధారణంగా ఒప్పుకోరు. ఆ గుర్తును విడి లేయర్‌లో ఉంచి, పంచేటప్పుడు తీసేసి ఇవ్వండి.

మన ఇంటి గుమ్మం మీది స్వస్తికానికీ దానికీ సంబంధం లేదని మనకు తెలుసు. చూసే యూరప్ మనిషికి ఆ గాయం వేరు. దాన్ని గౌరవించాలి. ఫిన్లండ్ విమానాల మీది నీలం స్వస్తిక కథ మాత్రం వేరే. 1918లో స్వీడన్‌కు చెందిన ఒక కౌంట్ కానుకగా ఇచ్చిన విమానం మీదున్న గుర్తును ఫిన్లండ్ తన వాయుసేన గుర్తుగా చేసుకుంది, 1945 వరకు విమానాల మీద వాడింది. అది నాజీల కన్నా ముందుది. అయినా పంచుకునే చోట నియమం ఏముందో చూసుకోండి.

భారత వాయుసేన విమానం వేయాలనుంది. ఏ గుర్తులు వేయాలి?

యుద్ధకాలమైతే మూడు రంగుల రౌండెల్ వేయకండి, ఇది చాలామంది చేసే తప్పు. అప్పుడు ఆర్‌ఏఎఫ్ పద్ధతి గుర్తులే ఉండేవి, బర్మా రంగంలో నీలం, లేత నీలం చిన్న రౌండెల్స్. అర్జన్ సింగ్ నాయకత్వంలో ఒకటో స్క్వాడ్రన్ 1944లో ఇంఫాల్ నుంచి నడిపిన హరికేన్లు మొదటి ప్రయత్నానికి మంచి ఎంపిక. ఆ సేవకే ఆయనకు డీఎఫ్‌సీ అనే శౌర్య పతకం వచ్చింది. ఇప్పుడు మనం చూసే కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రౌండెల్ దేశం రిపబ్లిక్ అయిన 1950లో వచ్చింది.

## వాడకం మరకలు

పెయింట్ ఊడినట్టు ఎంత చూపించాలి?

మీరు అనుకున్నదానిలో సగం. 1940 వేసవిలో చాలా స్పిట్‌ఫైర్లు నెల రెండు నెలలు కూడా బతకలేదు. అంత తక్కువ కాలంలో రంగు పెచ్చులుపెచ్చులుగా ఊడదు. పైలట్, మెకానిక్ రోజూ కాలు పెట్టే ఎడమ రెక్క మొదలు, ఇంజిన్ కప్పుల స్క్రూల చుట్టూ, ఇంధనం పోసే మూత దగ్గర చూపిస్తే చాలు. బర్మా ఎండలో, వానలో నెలల తరబడి ఉన్న విమానం సంగతి వేరు, అక్కడ రంగు వెలిసిపోవడం బాగా చూపించొచ్చు.

దీనికన్నా పెద్ద తప్పు ఒకటుంది: గుడ్డ మీద వెండి రంగు చెక్కులు. హరికేన్ బాడీ వెనక సగం గుడ్డతో కప్పిందే. స్పిట్‌ఫైర్ మార్క్ 1కు తోక చుక్కాని, ఎలివేటర్లు (తోకకు అడ్డంగా కదిలే పలకలు), ఐలరాన్లు (రెక్కల వెనక అంచున కదిలే పలకలు) గుడ్డవే. మస్కిటో అనే బ్రిటిష్ విమానమైతే చెక్క. అక్కడ రంగు ఊడినా కింద మెరిసే లోహం ఉండదు. టెంప్లేట్ తెరవగానే లోహం ఏది, గుడ్డ ఏది అని రెండు రంగులతో గుర్తుపెట్టుకోండి. ఎంతో శ్రమపడి చేసిన స్కిన్లు ఈ ఒక్క తప్పుతో పాడైపోవడం చూసి బాధేస్తుంది.

రెక్క ముందు అంచున ఎర్రటి చతురస్రాలు ఏమిటి? మసి ఎక్కడ వేయాలి?

అవి గన్ల రంధ్రాల మీద అతికించిన గుడ్డ ముక్కలు. దుమ్ము, తేమ లోపలికి పోకుండా, ఎత్తులో గన్లు గడ్డకట్టకుండా అంటించేవారు. మొదటి గుండుకే చిరిగిపోతాయి. కాబట్టి ఎర్ర ముక్కలు చెక్కుచెదరకుండా ఉంచి, వాటి వెనక రెక్క కింద కాల్పుల మసి దట్టంగా వేస్తే రెండూ పొసగవు. బయల్దేరబోతున్న విమానమా, పోరాడి వచ్చిందా అన్నది ఒకటి ఎంచుకోండి. ఎగ్జాస్ట్ మరక గాలి పోయే దిశలో, వెనక్కి పోయేకొద్దీ పలచబడుతూ ఉండాలి. పచ్చి నలుపు వేయకండి, గోధుమ కలిసిన బూడిద రంగు బాగుంటుంది.

## గేమ్‌లో పెట్టేటప్పుడు

ముక్కలు కలిసే చోట కామోఫ్లాజ్ గీత విరిగిపోతోంది. ఏం చేయాలి?

రంగు వేసే ముందే ఒక పరీక్ష స్కిన్ చేయండి. టెంప్లేట్ మొత్తం గళ్ళు గీసి, గళ్ళకు నంబర్లు వేసి, గేమ్‌లో విమానం చుట్టూ తిరిగి స్క్రీన్‌షాట్లు తీసుకోండి. బాడీ మీద 14వ గడి వెన్ను దాటాక అవతల 37వ గడిని కలుస్తుందని తెలిసిపోతుంది. ఆ పట్టిక పక్కన పెట్టుకుని గీస్తే గీతలు వాటంతట అవే కలుస్తాయి. అలాగే ఎడమ, కుడి వైపులకు ఒకే ముక్కను వాడే మోడల్ అయితే ఇక్కడే బయటపడుతుంది. అలాంటిచోట అక్షరాలు ఒక వైపు తిరగబడతాయి.

డీసీఎస్‌లో ఫోల్డర్ పెట్టాను, లిస్టులో స్కిన్ రావడం లేదు.

సేవ్‌డ్ గేమ్స్‌లోని డీసీఎస్ ఫోల్డర్, అందులో లివరీస్ (స్కిన్లు ఉండే ఫోల్డర్), అందులో విమానం ఫోల్డర్, అందులో మీ ఫోల్డర్ అన్న వరస సరిచూడండి. విమానం ఫోల్డర్ పేరు గేమ్ వాడే పేరుతో అక్షరం కూడా తేడా లేకుండా ఉండాలి. తర్వాత డిస్క్రిప్షన్ ఫైల్‌లో ఒక కామా, ఒక బ్రాకెట్ పోయినా స్కిన్ రాదు. అందులో దేశాల వరస రాసి ఉంటే, మిషన్‌లో ఆ దేశం ఎంచుకున్నప్పుడే కనిపిస్తుంది. స్కిన్ వచ్చి రంగు మాత్రం గేమ్‌దే కనబడుతుంటే డిస్క్రిప్షన్ ఫైల్‌లో మీ బొమ్మ ఫైల్ పేరున్న లైను చివర ట్రూ అని ఉందేమో చూడండి. మీ ఫోల్డర్‌లోని ఫైల్ వాడాలంటే అక్కడ ఫాల్స్ అని ఉండాలి.

విమానం స్టీలు గిన్నెలా మెరుస్తోంది!

ఐఎల్-2 గ్రేట్ బ్యాటిల్స్‌లో మెరుపు స్కిన్ ఫైల్‌లోని ఆల్ఫా చానల్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాక బొమ్మలో ఉండే నాలుగో పొర) నుంచి వస్తుంది. సేవ్ చేసేటప్పుడు అది పోయి ఉంటుంది. టెంప్లేట్‌తో వచ్చిన ఆల్ఫాను తిరిగి పెట్టి, డీఎక్స్‌టీ5 పద్ధతిలో సేవ్ చేయండి. డీసీఎస్‌లో అయితే మెరుపు, గరుకుదనం విడి ఫైల్‌లో ఉంటాయి. యుద్ధకాలపు కామోఫ్లాజ్ పెయింట్ గరుకుగా, కాంతి మింగేసేలా ఉండేది.

దగ్గరగా బాగుంది, దూరం నుంచి రివెట్లు మినుకుమినుకుమంటున్నాయి.

సేవ్ చేసేటప్పుడు మిప్‌మ్యాప్స్ (దూరం నుంచి చూసేటప్పుడు వాడే అదే బొమ్మ చిన్న సైజు కాపీలు) తయారుచేసే టిక్ పెట్టలేదు. అది పెట్టి మళ్ళీ సేవ్ చేయండి. అప్పటికీ తగ్గకపోతే రివెట్ల లేయర్ మరీ ముదురుగా ఉందన్నమాట.

## పంచుకునేటప్పుడు

ఇంకొకరి టెంప్లేట్ మీద చేశాను. నా పేరుతో పెట్టొచ్చా?

టెంప్లేట్ చేసినవారి పేరు చెప్పి, వాళ్ళ షరతులు చూసి పెట్టండి. రివెట్లు ఒక్కొక్కటే గీసిన మనిషి శ్రమ మీ స్కిన్ కింద ఉంది. స్కిన్‌తో పాటు చిన్న నోట్ పెట్టండి. విమానం, తేదీ, ఏ ఫోటో చూశారు, ఏది ఊహించి వేశారు అన్న నాలుగు విషయాలు అందులో ఉంటే చాలు.

మల్టీప్లేయర్‌లో నా స్కిన్ మిగతావాళ్ళకు కనిపిస్తుందా?

డీసీఎస్‌లో వాళ్ళ కంప్యూటర్‌లోనూ అదే స్కిన్, అదే ఫోల్డర్ పేరుతో ఉంటేనే కనిపిస్తుంది, లేకపోతే గేమ్ డిఫాల్ట్ రంగు చూస్తారు. వార్ థండర్‌లో మీరు సొంతంగా పెట్టుకున్న స్కిన్ మీకే కనిపిస్తుంది. మిత్రులతో కలిసి ఎగిరేటప్పుడు ముందు రోజే ఫైల్ అందరికీ పంపండి.

నా స్కిన్‌లో తప్పుందని ఒకరన్నారు. ఎలా తేల్చుకోవాలి?

ఏ ఫోటో చూసి అంటున్నారని అడగండి. ఫోటో చూపిస్తే మీ ఫోటో పక్కన పెట్టి తేదీలు సరిపోల్చండి. వాళ్ళది నిజమైతే సరిచేసి, నోట్‌లో వాళ్ళకు కృతజ్ఞతలు రాసి, ఫైల్ పేరు చివర కొత్త వెర్షన్ నంబరుతో మళ్ళీ పెట్టండి. పాత ఫైల్ తీసేయండి, లేకపోతే తప్పున్నదే ఇంకా తిరుగుతుంటుంది. ఫోటో లేకుండా "నాకు తెలుసు" అంటే మీ ఆధారం వాళ్ళకు పంపి, మీ పని మీరు చేసుకోండి.